ఇసుక వెంట భీమిలి దాకా

విశాఖపట్నం రామకృష్ణా (ఆర్కే) బీచ్ నుంచి భీమునిపట్నం (భీమిలి) వరకు సముద్రాన్ని ఆనుకుని సాగే రోడ్డు పాతిక ముప్పై కిలోమీటర్లకు మించదు. కారులో వెళ్తే గంటలోపే పూర్తయ్యే ఈ దారి మీద కాలేజీ పిల్లలకు, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన కుర్రకారుకు రకరకాల ప్యాకేజీ యాత్రలు నడుస్తున్నాయి. వాటిలో చాలావాటి పద్ధతి ఒక్కటే. తొమ్మిదో పదో ‘పాయింట్లు’ రాసిన కాగితం చేతికిచ్చి, ఒక్కో చోట పావుగంట బండి ఆపి, ఫోటోలు అయిపోగానే హారన్ కొట్టి పిలిచేస్తారు. సాయంత్రం తిరిగొచ్చిన పిల్లలను ఏం చూశారని అడిగితే ఫోన్ తీసి చూపిస్తారు గానీ, ఏ కొండ తరువాత ఏ ఊరు వచ్చిందో కూడా చెప్పలేరు. ఇది పిల్లల తప్పు కాదు. పావుగంటలో ఏ తీరమూ ఎవరికీ అర్థం కాదు.

ప్రతి చలికాలంలోనూ తెలిసినవాళ్ల పిల్లలను, వాళ్ల స్నేహితులను వెంటబెట్టుకుని ఈ తీరం చూపించే పని ఎలాగో నా మీద పడింది. ఆ అలవాటు మీద నేను స్థిరపరచుకున్న అభిప్రాయం ఏమిటంటే, చిన్న యాత్రకు చోట్లు తక్కువగా, నడక ఎక్కువగా ఉండాలి. చూసిన చోట్లన్నిటినీ కలిపే దారం ఒకటి ఉండాలి. ఈ తీరానికి ఆ దారం ఇసుక. ఎక్కడి ఇసుక ఎక్కడికి పోతోంది, దాన్ని ఎవరు ఆపారు, వేల ఏళ్ల కిందటి ఇసుక ఏ రంగుకు తిరిగింది అన్న ప్రశ్నలను పట్టుకుని శనివారం సాయంత్రం నగరంలో బయలుదేరితే, ఆదివారం పొద్దుగుంకే వేళకు భీమిలిలో తేలవచ్చు. కాబట్టి కైలాసగిరి, అక్కడి రోప్‌వే, దారిలోని పార్కులు నా జాబితాలో లేవు. అవి బాగుండవని కాదు, వాటికి గైడ్ అవసరం లేదు.

శనివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో మొదలుపెట్టాలి. గట్టు మీద నిలబడి దక్షిణంగా చూస్తే, సముద్రంలోకి ముక్కు చాచినట్టు డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది. ఆ కొండ అండ చూసుకునే ఇక్కడ ఓడరేవు కట్టారు. 1933లో లోపలి హార్బర్ తెరుచుకుని ‘జలదుర్గ’ అనే ఓడ లోపలికి వచ్చింది. ఆనాడు అలల తాకిడి తగ్గించడానికి రెండు పాత ఓడలను కావాలనే ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారు. 1976లో బయటి హార్బర్ వచ్చాక అడ్డుగోడలు ఇంకా లోతుకు సాగాయి. మన తూర్పు తీరంలో నైరుతి గాలులు వీచే నెలల్లో అలలు ఒడ్డును ఏటవాలుగా కొడుతూ ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కి వచ్చినా, ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఏటా లక్షల ఘనపు మీటర్లలో సాగే ఈ ప్రయాణానికి కొండా, దానికి తోడు రేవు గోడలూ అడ్డుపడితే, అడ్డానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ కోసుకుపోతుంది. అందువల్ల రేవు వాళ్లు దక్షిణాన పోగుపడిన ఇసుకను డ్రెడ్జర్‌తో తవ్వి, గొట్టాల ద్వారా ఈ బీచ్ మీద పోయిస్తూ వస్తున్నారు. మనం చెప్పులు విప్పి నడిచే ఇసుకలో కొంత భాగం పైపులో వచ్చిందని చెప్పగానే పిల్లలు ఒకసారి కాళ్ల కిందికి చూసుకుంటారు. అక్కడి నుంచి వాళ్ల ప్రశ్నలు మొదలవుతాయి.

ఈ ఒడ్డును కొలిచిన వాళ్లు పాతకాలంలోనూ ఉన్నారు. 1950లలో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి, ఇక్కడి విద్యార్థులతో కలిసి బంగాళాఖాతం నీళ్లనూ, వాల్తేరు ఒడ్డున ఇసుక వచ్చిపోయే తీరునూ పరిశీలించారు. విశ్వవిద్యాలయ ప్రాంగణం సముద్రానికి కూతవేటు దూరంలోనే ఉంది. ఆ రోడ్డు మీద బుల్లెట్ నడిపే కుర్రాళ్లకు ఈ సంగతి తెలియకపోవడం నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

అదే ఒడ్డున ఐఎన్ఎస్ కుర్సురా ఉంది. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి, 2001 ఫిబ్రవరిలో విరమించి, 2002లో ఇసుక మీదికి లాగబడి మ్యూజియంగా మారింది. పొడవు 91 మీటర్లు. లోపల గదిలోంచి గదిలోకి పోవడానికి గుండ్రటి ఇరుకు ద్వారాలు. ముందు టార్పెడో గదిలో ఎక్కి వెనక దిగాలి. లోపల చూపించేవాళ్లలో నౌకాదళంలో పనిచేసి విరమించినవాళ్లు ఉంటారు; వాళ్ల మాట వినడానికి తీరిక ఇవ్వగలిగితే ఇక్కడ వేరే గైడ్ నోరు మెదపనక్కర్లేదు. డెబ్బై మందికి పైగా మనుషులు వారాల తరబడి ఆ ఇరుకులో ఎలా పడుకున్నారో, మంచినీళ్లు ఎలా పొదుపు చేశారో వాళ్లు చెబుతుంటే, హాస్టల్ గదులు ఇరుకని సణిగే పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. బయటికి వచ్చాక సముద్రం వైపు చెయ్యి చూపి చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటిన వేళ పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి ఎదురుగానే మునిగింది. మన నౌక రాజ్‌పుత్ దాన్ని ముంచిందని భారత నౌకాదళం చెబుతుంది, ప్రమాదవశాత్తు పేలిందని పాకిస్తాన్ చెబుతుంది. శిథిలం మాత్రం అడుగునే ఉంది. రోడ్డుకు అవతలి వైపున్న టీయూ-142 అనే నౌకాదళ నిఘా విమానం 2017లో విరమించింది, ఆ ఏడాది చివరలోనే మ్యూజియం అయింది. ఓపిక ఉంటే చూడవచ్చు. సోమవారం కుర్సురాకు సెలవు కనుక ఈ యాత్రను సోమవారం సాయంత్రం మొదలుపెట్టాలనుకునేవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ రాత్రి మురీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని గట్టు మీద కూర్చున్నప్పుడే నీళ్ల గురించి గట్టిగా మాట్లాడాలి. ఈ తీరంలో ఏటా యువకులు మునిగి చనిపోతూనే ఉన్నారు, వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు. అలలు విరిగి ఒడ్డుకు చేర్చిన నీరంతా ఎక్కడో ఒక సందు చూసుకుని వెనక్కి పోవాలి. ఆ సందులో పారే నీటి ఉరవడినే రిప్ కరెంట్ అంటున్నారు. చూడడానికి అదే చోటు అమాయకంగా ఉంటుంది. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో కొంత మేర నీరు నురగ లేకుండా, ముదురు రంగులో ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. దానిలో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదడం వల్ల అలసట తప్ప ఫలితం ఉండదు; ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఉరవడి దాటాక అప్పుడు ఒడ్డుకు తిరగాలి. గట్టు మీద నుంచి ఆ నల్లటి చాలును వాళ్ల కళ్లతో వాళ్లే గుర్తుపట్టేదాకా నేను అక్కడి నుంచి లేవనివ్వను. నియమం ఒకటే: యాత్రలో మోకాలి లోతు దాటి ఎవరూ దిగరాదు. ఈ నియమం నచ్చనివాళ్లు మొదటే మానుకోవడం మంచిది, దీని మీద బేరం లేదు. నీటిలో ఆడుకోవాలన్న సరదా బలంగా ఉంటే రుషికొండలో లైఫ్‌గార్డులు ఉండే హద్దుల్లో తీర్చుకోవచ్చు. 2020లో ఆ బీచ్‌కు, శుభ్రంగా భద్రంగా ఉన్న బీచ్‌లకు అంతర్జాతీయంగా ఇచ్చే బ్లూఫ్లాగ్ (నీలి జెండా) గుర్తింపు వచ్చింది. 2025 మొదట్లో నిర్వహణ సరిగా లేదని తాత్కాలికంగా తీసేసి మళ్లీ ఇచ్చారు. జెండా ఎగిరినా ఎగరకపోయినా అలలు మాత్రం అవే.

ఆదివారం తెల్లవారుజామున లేపడం కష్టమే గానీ, ఫిషింగ్ హార్బర్‌ను ఎండెక్కాక చూసి ప్రయోజనం లేదు. మరబోట్లు వరుసగా వచ్చి నిలబడతాయి, ఐసు ముక్కల మధ్య నుంచి చేపలు తట్టల్లోకి, తట్టల్లోంచి సిమెంటు నేల మీదికి వచ్చి కుప్పలు పడతాయి. కుప్ప కుప్పకూ వేలంపాట మొదలవుతుంది. పాట పాడే మనిషి మాట ఎంత వేగంగా ఉంటుందంటే, ఎవరు ఎంతకు పాడుకున్నారో కొత్తవాళ్లు అర్థం చేసుకునేలోపు ఆ కుప్ప వేరే తట్టలో పడి, తల మీదికెక్కి, ఆటో దగ్గరికి చేరిపోతుంది. కొనేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్ల దారిలో నిలబడి ఫోటో తీస్తే తిట్లు తప్పవు, ఆ తిట్లు న్యాయమైనవే. 2023 నవంబరులో ఒక రాత్రి ఇక్కడ అగ్నిప్రమాదం జరిగి పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. ఒక్కో బోటు మీద ఎన్ని కుటుంబాలు బతుకుతాయో ఆ పాట జరిగే చోటనే అడిగి తెలుసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అరవై ఒక్క రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట నిషేధిస్తారు కనుక, వేసవి సెలవుల్లో వచ్చినవాళ్లకు ఈ హార్బర్ కట్టేసిన బోట్లతో బోసిగా కనిపిస్తుంది.

అక్కడి నుంచి ఉత్తరానికి బయలుదేరితే రోడ్డుకు ఎడమపక్క కొండలు, కుడిపక్క సముద్రం. దారిలో తెన్నేటి పార్కు దగ్గర ఆగకపోయినా, 2020 అక్టోబరు వాయుగుండంలో బంగ్లాదేశ్ ఓడ ఒకటి లంగరు తెగి అక్కడి రాళ్ల మీదికి కొట్టుకొచ్చిందని కిటికీలోంచి చూపించవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది ఈ నగరం మీదే. ఇప్పుడు ఇరవై ఏళ్ల వయసున్న విశాఖ పిల్లలకు ఆనాటి గాలి హోరు లీలగా గుర్తుంటుంది. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లకు వాళ్లే చెప్పుకొస్తారు, గైడ్ వినాలి.

తొట్లకొండకు వాహనం పైదాకా వెళ్తుంది, అయినా నడిచే ఎక్కాలని నా పట్టుదల. సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తున ఉన్న ఈ బౌద్ధారామం 1970లలో నౌకాదళం వాళ్లు గాలిలోంచి సర్వే చేస్తున్నప్పుడు బయటపడింది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. స్తూపాల పునాదులు, చైత్య గృహాలు (ప్రార్థన మందిరాలు), భిక్షువుల గదులు, వంటశాల, భోజనశాల వరుసగా కనిపిస్తాయి. శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు కూడా ఇక్కడ దొరికాయి. క్రీస్తుకు పూర్వం నుంచి క్రీస్తుశకం తొలి శతాబ్దాల దాకా భిక్షువులు ఉన్న చోటు ఇది. అయితే పిల్లలు ‘శిథిలాలు’ అనగానే ఆవులిస్తారు. వాళ్లను రాతిలో తొలిచిన తొట్ల దగ్గరికి తీసుకువెళ్లి, ఈ కొండ మీద ఊట లేదు, వాగు లేదు, మరి వంద మంది మనుషులు నీళ్లకు ఏం చేసి ఉంటారో చెప్పమనాలి. కాసేపటికి ఎవరో ఒకరు నేల వాలు గమనిస్తారు, వాన నీరు రాతి మీద జారి ఎటు చేరుతుందో వేలితో గీస్తారు. అంతకన్నా పెద్ద పాఠం నేను చెప్పలేను. ఆ తరువాత స్తూపం పక్కన నిలబడి సముద్రం చూడమంటే, సింహళానికీ, తూర్పు దేశాలకూ పోయే ఓడలకు ఇది ఎంత మంచి గురుతో, వర్తకులు ఇచ్చిన దానాలతో ఇంత ఆరామం ఎలా నిలిచిందో వాళ్లకే తోస్తుంది. పునరుద్ధరించిన మహాస్తూపం 2019 అక్టోబరు వర్షాలకు ఒక పక్క కూలింది. రెండు వేల ఏళ్ల కిందటి రాయి నిలిచి, మన కాలపు కట్టుడు జారిందని నేను వ్యాఖ్యానించబోతే, ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒకతె కోపంగా నీటి పారుదల గురించి ఉపన్యాసం ఇచ్చింది. ఆమె చెప్పినదే సబబు అనుకుంటాను.

కొండ దిగితే మంగమారిపేట. జాలర్ల ఊరు, ఒడ్డున తెప్పలు, ఆరబెట్టిన వలలు. సముద్రపు అంచున అలలు కోసికోసి తొలిచిన సహజ శిలాతోరణం ఒకటి ఇక్కడ ఉంది, అయితే దాని దగ్గరికి వెళ్లి చూడాలంటే పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ, కావాలి. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. మరునాటికి సుమారు యాభై నిమిషాలు వెనకబడతాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే జాతీయ సంస్థ సముద్ర సమాచారం రోజూ ప్రకటిస్తుంది, ఊళ్లోని పెద్దవాళ్లు తిథి చూసి నోటితోనే చెబుతారు. ఈ రెండింటిలో ఏది సరిపోయిందో పిల్లలకు చూపించడం నాకు సరదా. ఆదివారపు వేళలన్నీ ఈ పాటును బట్టే మార్చుకోవాలి తప్ప, మన భోజనం వేళకు సముద్రాన్ని మార్చలేము.

మా అదృష్టం బాగుంటే ఆ ఒడ్డునే పెద్ద వల లాగుతుంటారు. తెప్ప మీద వల తీసుకుపోయి సముద్రంలో అర్ధచంద్రాకారంగా వేసి, రెండు కొసల తాళ్లు ఒడ్డుకు తెచ్చి, ఎడంగా రెండు వరుసల్లో నిలబడి జనం లాగుతారు. ఒక్కొక్కరు నడుముకు తాడు తగిలించుకుని వెనక్కి వాలి అడుగు మీద అడుగు వేస్తారు. వరుస చివరికి చేరినవాడు తాడు విడిచి మళ్లీ నీళ్ల దగ్గరికి వెళ్లి కొత్తగా పట్టుకుంటాడు, చివరన కూర్చున్న ముసలాయన వచ్చిన తాడును వచ్చినట్టు చుట్ట చుడుతుంటాడు. ఇలా గంటకు పైగా సాగుతుంది. రెండు వరుసలూ దగ్గరకు జరుగుతున్న కొద్దీ వల సంచి ఒడ్డుకు వస్తోందన్నమాట. ఫోన్లు లోపల పెట్టి, అడిగి, తాడు పట్టుకోమని నేను పిల్లలకు చెబుతాను. ఒకసారి బలమంతా చేతుల్లోకి తెచ్చి లాగుతున్న కుర్రాణ్ణి చూసి పక్కనున్న జాలరి, “సేతుల్తో కాదు బాబూ, నడుంతో లాగాల. సేతులు రేపటికుండాలి గదా” అన్నాడు. వల తెరిస్తే నెత్తళ్లు, కవళ్లు, కొన్ని కానాగంతలు, దానితోపాటు ప్లాస్టిక్ సంచులు, ఒక చెప్పు. అంతమంది గంటసేపు లాగిన దానికి పంపకం వేస్తే ఒక్కొక్కరికి ఎంత వస్తుందో పిల్లలు మనసులో లెక్క వేసుకోవడం వాళ్ల ముఖాల్లోనే తెలుస్తుంది. సాయం పట్టినందుకు గుప్పెడు నెత్తళ్లు ఇవ్వబోతారు. తీసుకోకపోతే చిన్నబుచ్చుకుంటారు, తీసుకుంటే బస్సులో వాసన. తీసుకోవాలి.

జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరాన అక్కడక్కడా గుడ్లు పెడతాయి. ఒడిశాలోని గహీర్‌మఠ, రుషికుల్య దగ్గర లక్షల్లో వచ్చినట్టు ఇక్కడ రావు. అటవీ శాఖ గుడ్లు సేకరించి కంచె వేసిన ఇసుకలో పాతిపెట్టి, నెలన్నర రెండు నెలలకు తాబేలు పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలో వదులుతుంది. ఇసుక వేడిని బట్టి పుట్టేది మగదో ఆడదో తేలుతుంది, ఇసుక వెంట సాగే యాత్రలో ఈ ముక్క చెప్పకుండా ఉండలేను. ఒడ్డున చచ్చిన తాబేలు కనిపించే అవకాశం కూడా ఆ నెలల్లో ఎక్కువే, వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోతాయి. దాన్ని చూపించకుండా దాటేయకూడదు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక ఎర్రమట్టి దిబ్బలు. ఈ యాత్రకు గుండెకాయ ఇదే కనుక కనీసం రెండు గంటలు కేటాయించాలి. మంచుయుగం ముదిరిన రోజుల్లో, అంటే సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట, సముద్ర మట్టం ఇప్పటికన్నా వంద మీటర్లకు పైగా కిందికి పోయింది. నీరు వెనక్కి తగ్గి బయటపడిన సముద్రపు అడుగు ఇసుకను గాలులు ఒడ్డుకు ఎగరేసి దిబ్బలుగా పోశాయి. ఆ ఇసుకలో తూర్పు కనుమల రాళ్ల నుంచి వచ్చిన ఇనుపఖనిజపు రేణువులు ఉన్నాయి. వేల ఏళ్ల వానకూ ఎండకూ అవి తుప్పుపట్టి ప్రతి రేణువుకూ ఎర్రటి పూత పూశాయి. తరువాత వాన నీరు వాగులై కోసి లోయలు, సన్నటి గోడలు, సుడి మెలికల దారులు చేసింది. అడుగున పసుపు, పైకి పోయే కొద్దీ ఇటుక ఎరుపు. ఇటువంటి ఎర్ర ఇసుక నిక్షేపాలు తమిళనాడు దక్షిణ తీరంలోనూ, శ్రీలంకలోనూ ఉన్నాయి. అంతకుమించి ప్రపంచంలో అరుదు. 2014లో భూవైజ్ఞానిక వారసత్వ స్థలంగా గుర్తించారు. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతోపాటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరింది.

ఈ మర్యాదలన్నీ కాగితం మీద బాగానే ఉన్నాయి. నేల మీద మాత్రం పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకునే జంటలు, గోడల మీద మేకుతో చెక్కిన పేర్లు, అంచు దాకా పాకివస్తున్న చదును పనులు కనిపిస్తాయి. దిబ్బ అంచు మీద ఒక మనిషి నిలబడితే చాలు, చేతికి అందే మేర ఇసుక జారిపోతుంది, అది తిరిగి పైకి ఎక్కదు. అందుకని లోయ అడుగునే నడవాలి, అంచులు ఎక్కరాదు. సినిమా పాటలో హీరో ఎక్కాడు కదా అని అడిగినవాళ్లకు, ఆ పాట చిత్రీకరించిన తరువాత ఈ అంచు ఎక్కడుందో వెతికి చూపించమంటాను. లోయ లోపలికి పోయిన కొద్దీ సముద్రపు హోరు తగ్గిపోతుంది, మలుపులు ఒకేలా ఉండటం వల్ల దారి తప్పడం చాలా తేలిక. కాబట్టి గుంపు ముందు ఒకరు, చివర ఒకరు దారి తెలిసినవాళ్లు ఉండాలి.

చివరి మజిలీ భీమునిపట్నం. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. 1824 ఒప్పందం మేరకు 1825లో ఇంగ్లీషువాళ్ల పరమైంది. సముద్రానికి దగ్గరలో ఉన్న డచ్చి సమాధుల మీద లాటిను, డచ్చి రాతలు, వంశ చిహ్నాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. విశాఖలో రేవు తెరుచుకున్నాక ఈ రేవుకు ఓడలు రావడం తగ్గి, కాలక్రమంలో ఆగిపోయింది. గైడ్ ఇక్కడ చరిత్ర చెప్పాలనుకుంటే క్లుప్తంగా చెప్పాలి, అప్పటికే పిల్లల కాళ్లు లాగుతుంటాయి.

ఇసుక మాట ముగిసేది గోస్తనీ నది ముఖం దగ్గర. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి, తాటిపూడి జలాశయం మీదుగా వచ్చిన ఈ నది సముద్రంలో కలిసే చోట ఇసుక తిన్నె ఒక్కో కాలంలో ఒక్కో రూపంలో ఉంటుంది. అక్కడ ఒడ్డున నల్లటి చారలు కనిపిస్తాయి. చూసి మురికి అనుకునేవాళ్లే ఎక్కువ. ఆ చారలోంచి చిటికెడు ఇసుక తెల్ల కాగితం మీద పోసి భూతద్దంతో చూస్తే, గులాబీ రంగు గాజు పెంకుల్లా మెరిసేవి గార్నెట్లు, నల్లగా ఉన్నవి ఇల్మనైటు, మాగ్నటైటు అనే ఇనుము కలిసిన ఖనిజాలు, మిగిలిన తెల్లనివి మామూలు స్ఫటికాలు. కాగితం కింద అయస్కాంతం కదిలిస్తే నల్లటి రేణువుల్లో కొన్ని నిక్కబొడుచుకుని దానితోపాటు నడుస్తాయి. తేలిక ఇసుకను అల వెనక్కి లాక్కుపోగా బరువు రేణువులు మిగిలి చార కట్టాయని అప్పుడు వివరిస్తే ఎవరూ మరిచిపోరు. ఇవన్నీ తూర్పు కనుమల ఖోండలైటు రాళ్లు అరిగి వచ్చినవే. తొట్లకొండ మెట్టు మీద పొద్దున కూర్చున్న రాయి, మధ్యాహ్నం నడిచిన ఎర్ర దిబ్బ, ఇప్పుడు కాగితం మీదున్న చిటికెడు ఒకే ఇంటివి. ఈ ఖనిజాలకు మార్కెట్ ఉంది కనుక ఇక్కడ తవ్వకాలకు ప్రతిపాదనలూ వచ్చాయి. దాని మీద పిల్లలు రెండు పక్షాలై వాదించుకుంటే నేను ఆపను.

ఇక ఏర్పాట్ల మాట. గుంపులో పదిహేను మందికి మించితే గైడ్ గొంతు అలల హోరులో వినపడదు. గైడ్‌గా ఒక్కరి కన్నా ఇద్దరు మేలు. ఒకరు రాళ్లూ చరిత్రా చదువుకున్నవారు, ఇంకొకరు మంగమారిపేట వంటి ఊళ్లో పుట్టి పెరిగినవారు. రెండోవారికి మొదటివారితో సమానంగా డబ్బు ఇవ్వాలి. ఊరి మనిషిని ‘లోకల్ హెల్పర్’ అని రాసి సగం ముట్టజెప్పిన నిర్వాహకులు నాకు తెలుసు. సొంత బండి తప్పనిసరి కాదు: విశాఖ రైల్వేస్టేషన్ నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీదుగా 900కె సిటీ బస్సు నడుస్తుంది, దిబ్బల దగ్గర దిగి మళ్లీ ఎక్కవచ్చు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, తడిసినా జారని చెప్పులు, భూతద్దం, చిన్న అయస్కాంతం చాలు. స్పీకరు తేవద్దని మొదటే చెప్పాలి. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు కనుక నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అందులోనూ అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా వచ్చే శని ఆదివారాలు ఎంచుకుంటే పాటు బాగా దిగి శిలాతోరణం దాకా నడవవచ్చు. ఆ వేళ ఎప్పుడో పట్టికలో చూసుకుని, తొట్లకొండను దానికి ముందో వెనకో పెట్టుకోవాలి.